నానీ కాలు ఆగిన ఎనిమిదో పాట

లోకంలో పాటలు కట్టేవాళ్లంతా మా నానీ కాలికి భయపడి బతుకుతున్నారు. నమ్మకపోతే మీ ఇష్టం.

నానీ అంటే మా అమ్మమ్మ, పేరు హజ్రా బీ. నరసరావుపేటలో ఒక రేకుల కొట్లో కాలి మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఏ కంపెనీ అండా లేకుండా ఇంట్లోనే పాటలు చేసుకొని, కావలసినవాళ్లు ఊరికే దించుకోండని నెట్‌లో పెట్టేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల పాటల గురించి రాయడం ఆమె సరదా. కొట్లో సిగ్నల్ రాదు. అందుకని నేను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి ఫోన్ ఇస్తాను. ఆమె కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తుంది. దాన్ని టైపు చేసి బ్లాగులో పెట్టేదాన్నీ నేనే.

ఆమె పద్ధతి ఒకటే. పాట మోగుతుంటే మిషన్ తొక్కుతుంది. కాలు తనంతట తాను ఆగితే అది మంచి పాట. నాలుగేళ్లలో ఏడు పాటలకే ఆగింది. దాచేపల్లి లారీ డ్రైవరొకాయన క్యాబిన్‌లో పాడిన పాటకు ఆగినప్పుడు, "హారన్ కూడా శ్రుతిలోనే ఉంది" అని రాసింది.

నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను. కనీసం పాటైనా వస్తుందో లేదో ఆ కాలే చెప్పాలనుకున్నాను. ఆమె మిషన్ చప్పుడును దొంగతనంగా రికార్డు చేసి, దాని మీద పాడి, యాప్‌లో గొంతు మార్చి, 'నాగవేణి, నూజెండ్ల' అని మారుపేరు పెట్టి నెట్‌లోకి ఎక్కించాను. మర్నాడు ఫోన్‌లో మిగతా పాటల మధ్య దాన్నీ ఇరికించాను.

నా పాట మొదలైంది. రెండో చరణంలో నానీ కాలు ఆగిపోయింది!

గెంతబోయాను. కానీ నానీ మొహం తెల్లబోయి ఉంది. కాళ్లు రెండూ పైకెత్తి, ఆగిన చక్రం వంక గుడ్లప్పగించి చూస్తోంది.

"యా అల్లా! నేను తొక్కకుండానే మోగుతుందేందే ఇది?"

ఆ మిషన్ బెల్టుకు ఒక అతుకుంది. చక్రం తిరిగినప్పుడల్లా అది టక్కుమంటుంది. ఇప్పుడు అదే టక్కు ఫోన్‌లోంచి వస్తోంది. నానీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. కళ్లద్దాల మీంచి నన్ను చూసింది. పుస్తకం తీసి రాసి, నా ఒళ్లో పడేసింది.

"నాగవేణి, నూజెండ్ల. మిషన్ చక్కగా పాడింది. పిల్ల దాని వెనక పడి ఈడ్చుకుంటూ వచ్చింది. గొంతు అరువుది."

పుస్తకం పట్టుకొని లేచాను.

"నీ మనవరాలి పాట మీద ఇట్టానా నానీ రాసేది? కాలైతే ఆగిందిగా! ఎనిమిదోదని రాయొచ్చుగా!"

"టక్కు రెండేసిసార్లు వినబడేసరికి దెయ్యం పట్టిందనుకొని ఆపానే. నీ గొంతుకేం రోగమొచ్చిందని మార్చావ్? దాంతోనే మళ్లీ పాడి తీసుకురా, అప్పుడు చూద్దాం. ముందు ఇది టైపు కొట్టు."