విత్తనాల గదిలో ఎలుక

మా చేను చూడ్డానికి వచ్చినవాళ్ళంతా చివర్లో రెండు సాళ్ళ దగ్గర ఆగుతారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా శనక్కాయ, ఆ రెండు సాళ్ళలో మాత్రం కొర్ర. "ఇదేంది టీచరమ్మా, కొత్త పద్ధతా?" అంటారు. పద్ధతీ లేదు, పాడూ లేదు. ఆ రెండు సాళ్ళ విత్తనం నేను తినేశాను. మా ఆయన ఎలాగూ ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. ఆయన చెప్పే లెక్కలో నేను రెండు మూటలు తిన్నానట. అందుకని అసలు సంగతి నేనే చెబుతా. టీ తాగుతూ వినండి. నాది చక్కెర లేని టీ, గమనించండి.

కంబదూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మొన్న మే నెలలో కళ్యాణదుర్గం డాక్టర్ నా రిపోర్టు చూసి, షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదమ్మా, గడప దగ్గర నిలబడి ఉంది అన్నాడు. ఐదు కేజీలు తగ్గితే వెనక్కి పోతుంది, లేదంటే జూలైలో మాత్ర మొదలుపెడదాం అన్నాడు. ఒకసారి మొదలుపెడితే మాత్ర ఇంట్లో మనిషైపోతుంది. పెళ్ళికి పోయినా వెంట రావాల్సిందే. నాకు ఆ మనిషి వద్దు.

ఇంటికి రాగానే చార్టు రాశాను. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కొర్రన్నం ఆకుకూర, నాలుగింటికి మజ్జిగ, రాత్రి ఏడు లోపల రెండు జొన్నరొట్టెలు. మధ్యలో ఏమీ లేదు. చార్టు ఫ్రిజ్ మీద అంటించాను. బిస్కెట్లు, మిక్స్చరు, అన్నీ పంచేశాను. బెల్లం డబ్బా ఒక్కటి మిగిలింది. అది మా ఆయనకు కావాలి, పారేయలేను. వంటింట్లో ఉంటే నా చేయి ఊరుకోదని తెలుసు. అందుకే బాగా ఆలోచించి దాన్ని విత్తనాల గదిలో పెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇప్పుడు మీరు నవ్వుతున్నారు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. చాలా పకడ్బందీ ఏర్పాటు అనుకున్నాను.

మే నెలాఖరుకు మా ఇంట్లో కాయలు ఒలిచే పని మొదలవుతుంది. విత్తనం శనక్కాయను మేము మిషన్‌లో వేయం. పప్పు దెబ్బతింటే మొలక రాదు. చేత్తోనే ఒలవాలి. నలుగురు ఆడవాళ్ళు వసారాలో కాయల కుప్ప చుట్టూ కూర్చుని పొద్దుగూకేదాకా ఒలుస్తారు. వాళ్ళకు పెద్ద ఓబులమ్మ. అరవై దాటింది. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి మా విత్తనం ఆమె చేతి మీదే పోతోంది. సాయంత్రం ఒలిచిన గింజల్ని సేరుతో కొలిచి గదిలో పోసేది కూడా ఆమే. ఎన్ని సేర్లయితే అంత కూలి. ఆ కొలత మీద మా మామ కాలం నుంచి ఎవరూ నోరెత్తలేదు.

మొదటి రోజే వాళ్ళు ఆకు వక్క నములుతుంటే చూశాను. కొత్తగా ఆరోగ్యం పట్టుకున్న మనిషిని కదా, ఊరుకుంటానా? వక్క వల్ల నోటికి ఏమేం వస్తాయో పావుగంట క్లాసు పీకాను. నాలుగు నోళ్ళూ నములుతూనే విన్నాయి. ఓబులమ్మ అంతా విని, "బాగా చెప్పినావమ్మా" అని ఇంకో ఆకు మడిచి బుగ్గన పెట్టుకుంది.

వాళ్ళు ఒలిచిన గింజల్ని మరునాడు పొద్దున ఏరే పని నాది. సెలవులే కదా. విత్తనాల గదిలోనే కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని, హిందూపురంలో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ముడుచుకుపోయినవీ పుచ్చులూ ఒక గిన్నెలోకి, మంచివి సంచిలోకి. ఆ ముడుచుకుపోయినవి విత్తనానికి పనికిరావు. నూనెకు పోతాయి. అలాంటివి ఒక నాలుగు నోట్లో వేసుకుంటే అది తిండి కిందికి వస్తుందా? రాదు. చార్టులో లేదు కాబట్టి రాదు. పచ్చి గింజలు ఊరికే తింటే పైత్యం చేస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం. దానికి విరుగుడు చిన్న బెల్లం ముక్క. డబ్బా పక్కనే ఉంది. అది కూడా తిండి కాదు, మందు.

పది రోజులు చార్టు తు.చ. తప్పకుండా నడిచింది. నాలుగింటికి మజ్జిగ తాగి ఎంత గర్వపడ్డానో! ఆ ఊపులో బరువు చూసే మిషన్ ఎక్కి చూసుకుంటే ఒక కేజీ పెరిగాను.

మిషన్ జరిపి చూశాను. బండ ఎగుడుదిగుడుగా ఉందేమోనని వంటింట్లోకి తీసుకుపోయి చూశాను. అంతే ఉంది. ఇక తప్పు కొర్రలదే అనుకున్నాను. సంచి పట్టుకుని శెట్టి అంగడికి పోయి, ఇందులో ఏదో కలిపినావు, పది రోజులు తింటే కేజీ పెరిగినాను అని గట్టిగానే అడిగాను. శెట్టి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "అక్కా, ముప్పై ఏండ్ల నుంచి కొర్రలు అమ్ముతాండా. తిని లావైన మనిషిని ఇదే చూసేది" అన్నాడు. అంగట్లో ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళూ చూశారు.

అదే వారం ఇంకో సంగతి తేలింది. విత్తనం తగ్గుతోంది. ఓబులమ్మ కొలిచి పోసిన సేర్లు నేను గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటాను. మరునాడు ఏరినాక మంచివీ పుచ్చులూ కలిపి మళ్ళీ కొలుస్తాను. రోజూ ఒక గుప్పెడు తక్కువ. ఒక్కో రోజు గుప్పెడున్నర. లెక్కల టీచర్‌ను, నా దగ్గరా తప్పేది లెక్క?

ఎలుక అన్నాను. బోను తెప్పించాను. ఎర కోసం కొన్ని గింజలు వేయించాను. రెండు బోనులో పెట్టాను. మిగిలినవి చల్లారిపోతాయని అక్కడే నిలబడి తినేశాను. రెండు రోజులు బోను ఖాళీ. బెల్లం డబ్బా మూత తీస్తే ముద్ద సగమైంది. ఈ ఎలుక మూత తీసి బెల్లం తిని మళ్ళీ మూత పెట్టిపోతోందని మా ఆయనకు చెప్పాను. చదువుకున్న ఎలుకేమో అన్నాడాయన. అప్పుడైనా నాకు తట్టలేదు.

ఎలుక కాకపోతే కొలత. తాళంచెవి నా దగ్గరే ఉంది, తాళం వేసినాక గదిలోకి ఇంకెవరూ పోరు. కాబట్టి గదిలోకి వచ్చేటప్పుడే తక్కువ వస్తోంది. ఓబులమ్మ సేరు నిండా పోయకుండానే లెక్క పెడుతోంది. ఇది నా రుజువు. పదో తరగతి పిల్లోడు రాసి ఉంటే నేను సున్నా వేసి ఉండేదాన్ని.

ఆ సాయంత్రం ఆమె సేరు చేతిలోకి తీసుకోగానే, "ఓబులమ్మా, ఇయ్యాల్టి నుంచి నేను కొలుస్తాలే" అన్నాను.

మాట నెమ్మదిగానే అన్నాను. అయినా నలుగురి చేతులూ ఆగిపోయాయి. ఓబులమ్మ నా ముఖంలోకి చూసింది. సేరు నా ముందర బోర్లించి పెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మరునాడు ఒలిచేదానికి ఎవరూ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడు మూటల కాయలు అట్లే ఉన్నాయి. పడమట మబ్బు పట్టింది. మా దగ్గర వాన ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చిన రోజు విత్తనం సిద్ధంగా లేకపోతే మళ్ళీ వస్తుందని నమ్మకం లేదు. మా ఆయన ఆకాశం వైపు చూసి, మూటల వైపు చూసి, చివరికి నా వైపు తిరిగాడు.

"ఆమెను దొంగ అంటివా?"

అనలేదన్నాను. కొలుస్తానని మాత్రమే అన్నాను.

"అదే మాట" అన్నాడు. "ఇంగ నువ్వే ఒలువు. నీ మజ్జిగ టైము చూసుకోని ఒలువు."

ఒలిచాను. అర మూట అయ్యేసరికి బొటనవేళ్ళు వాచాయి. ఆ రాత్రి చార్టు చూస్తే కూడా నీరసం వచ్చింది.

మూడో రోజు పొద్దున్నే ఓబులమ్మ ఒక్కతే వచ్చింది. కాఫీ ఇస్తే వద్దంది. నేరుగా విత్తనాల గదిలోకి పోయి కూర్చుంది. "టీచరమ్మా, ఒక సేరు కొలువు. నీ చేత్తోనే కొలువు" అంది. నిండా కొలిచి చాటలో పోశాను. "ఇప్పుడు ఏరు. రోజూ ఏరినట్లే ఏరు. నేను ఈడ కూచోనుంటా."

పరీక్ష నాకు కొత్త కాదు, పెట్టడమే అలవాటు. సరే, ఆమె కళ్ళ ముందే తేలిపోతుందని ఏరడం మొదలుపెట్టాను. ఆమె మెల్లగా మా చెల్లెలి సంగతి ఎత్తింది. ఇల్లు కడతాండారంట కదా, యాడికొచ్చింది? ఇక నాకు ఊపు వచ్చింది. మేస్త్రీ మోసం చేసింది, బండలు తాడిపత్రి నుంచి తెప్పిస్తే సగం పగిలి వచ్చింది, మరిది ఏమన్నాడు, చెల్లెలు ఏమంది, అంతా చెప్పాను. మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు కూడా కలిపి చెప్పాను. అరగంటలో చాట ఖాళీ అయింది.

ఓబులమ్మ మంచి గింజల్ని సేరులో పోసింది. పైన పుచ్చులు, ముడుతలు పోసింది. గిన్నె బోర్లించి తట్టింది. సేరు నిండలేదు. ఆమె తన రెండు వేళ్ళు అడ్డంగా సేరులో పెట్టి చూపించింది. రెండు వేళ్ళంత వెలితి.

"ఎలుక దొరికినాది, టీచరమ్మా."

"యాడ?" అన్నాను. నిజంగానే కాళ్ళు పైకి లాక్కున్నాను.

"కళ్ళద్దాలు పెట్టుకోని చాట ముందర కూచోనుండాది."

మా ఆయనకు కాఫీ పొలమారింది. నేను ఒప్పుకోలేదు. పుచ్చులు తిన్నానేమో గానీ మంచి విత్తనం ముట్టలేదు, ఏదైనా చేతిలో పగిలి బద్దలైతే అది ఎలాగూ మొలవదు కాబట్టి నోట్లో వేసుకుని ఉంటాను, అంతే అన్నాను. ఓబులమ్మ నా చేయి పట్టుకుంది. బొటనవేలు, చూపుడు వేలు పక్కపక్కన పెట్టి చూపించింది.

"పగిలితే తినేది కాదమ్మా. తినేకే పగలగొడతాండావు. మాట చెప్తా చెప్తా ఇట్ల ఒత్తుతావు, టప్పుమంటాది, 'అయ్యో' అంటావు, నోట్లో ఏసుకుంటావు. అరగంటలో ఎన్ని అయ్యోలు అన్యావో నేను లెక్కపెట్టిడిస్తి. చెప్పాల్నా?"

వద్దన్నాను.

నా చూపుడు వేలికీ బొటనవేలికీ ఎర్రటి పొట్టు అంటుకుని ఉంది. పక్కన బెల్లం డబ్బా మూత తెరిచి ఉంది. అది నేను ఎప్పుడు తీశానో నాకే తెలియదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, నాకు తెలియకుండానే నా చేతులు వేరే కాపురం పెట్టాయి. శెట్టి గుర్తొచ్చాడు. బోనులో ఎర గుర్తొచ్చింది. అన్నింటికన్నా ఆ రోజు బోర్లించి పెట్టిన సేరు గుర్తొచ్చింది.

క్షమాపణలు చెప్పడం నాకు పెద్దగా చేతకాదు. పిల్లల దగ్గర అయితే బోర్డు మీద తప్పు లెక్క తుడిచేసి సరైనది రాస్తాను. అదే చేశాను. గోడ మీద సుద్దతో రాసిన సేర్ల లెక్కంతా తుడిచేశాను. సేరు రెండు చేతులతో పట్టుకుని ఆమె ఒళ్ళో పెట్టాను. "తప్పు నాది ఓబులమ్మా. ఈ ఇంట్లో కొలత నీదే" అన్నాను.

ఆమె సేరును కొంగుతో తుడిచింది. రేపు ఆడోళ్ళను పిల్చుకోనొస్తా అంది. తర్వాత రొండిలో దోపుకున్న ఆకువక్కల సంచి తీసి, నాకు ఒక తమలపాకు ఇచ్చింది.

"మేము ఆకు యాల నములుతాండామనుకున్యావు, సోకుకా? ఇత్తనం ముందర దినమంతా కూచోవల్ల. నోట్లో ఆకుంటే గింజ పోదు. మా యమ్మ నేర్పిచ్చినాది."

పావుగంట క్లాసు పీకింది నేను. విన్న నాలుగు నోళ్ళూ ఎందుకు నములుతున్నాయో అడగలేదు. ఆకు తీసుకున్నాను. వక్క, సున్నం వద్దన్నాను, అంత పరువైనా మిగలాలి కదా. వట్టి ఆకు నోట్లో పెట్టుకుని మిగిలిన విత్తనమంతా ఏరాను. వేళ్ళు అప్పుడప్పుడూ వాటి పని అవి చేయబోయేవి. నోరు ఖాళీ లేదు. చెల్లెలికి ఫోన్ చేస్తే, ఏందక్కా మాట సరిగా రావడం లేదు అనేది. బెల్లం డబ్బా ఓబులమ్మ ఇంటికి పంపించాను. మా ఆయనకు కావాల్సినప్పుడు పోయి అడిగి తెచ్చుకుంటాడు. ఆయన కూడా ఒక కేజీ తగ్గాడు, అది వేరే సంగతి.

వాన పడింది. స్కూళ్ళు తెరిచాక ఒక ఆదివారం విత్తారు. ట్రాక్టర్‌కు కట్టిన విత్తే గొర్రు చేను చివరికి వచ్చేసరికి విత్తనం అయిపోయింది, ఇంకా రెండు సాళ్ళు ఉండగా. ట్రాక్టర్ ఆగింది. మా ఆయన ఖాళీ సంచి దులిపాడు. నా కడుపు వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఒక్కసారే అనలేదు, ఆ తర్వాత అంతా అన్నాడు. నేను శెట్టి అంగడికి పోయి అడిగి విత్తనానికి పొట్టు తీయని కొర్రలు తెచ్చి, ఆ రెండు సాళ్ళు నా చేత్తోనే చల్లాను. శెట్టి ఈసారి నన్ను చూడలేదు, కొర్రల్నే జాలిగా చూశాడు.

జూలైలో డాక్టర్ దగ్గరికి పోయాను. ఐదు కాదు, మూడున్నర తగ్గాను. గడప దగ్గర ఉన్నది రెండు మెట్లు దిగిందమ్మా అన్నాడు. మాత్ర రాయలేదు. ఏం డైట్ చేశారు అని అడిగాడు. తమలపాకు అన్నాను. ఆయన రాసుకోలేదు.

ఇప్పుడు కొర్ర కంకులు వంగాయి. మొన్న ఓబులమ్మ కలుపు తీసేదానికి వచ్చి, నడుముకు చేతులు పెట్టుకుని ఆ రెండు సాళ్ళ ముందర నిలబడింది. పంట బాగుంది కదా అన్నాను, కాస్త గొప్పగానే.

"బాగుండాది" అంది. "కొర్రలు పచ్చివి ఎవరూ తినరు గదమ్మా. అందుకే ఇంటిదాకా వస్తాయి."