ఎంజైము వేషం వేసిన మీరావలి

చీరాలలో ఒక జూనియర్ కాలేజీ ఎదురుగా మీరావలి జాకెట్లు కుడతాడు. ముప్పై ఏళ్లలో ఒక్క చంక కూడా బిగుతుగా కుట్టలేదని ఆయన గర్వం. ఆ కాలేజీలో జువాలజీ చెప్పే జయకుమారి మేడమ్ ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చి, ఆయన కత్తెర ఆడే తీరు చూస్తూ నిలబడిపోయింది.

"మీరావలి గారూ, సైన్స్ డేకి నాటకం వేస్తున్నాం. మీరు ర్యాగ్ అనే ఎంజైము వేషం వెయ్యాలి."

"అంటే దొంగ వేషమా మేడమ్?"

కాదని ఆమె స్టూలు లాక్కుని చెప్పింది. రోగాలతో పోరాడే బీ కణాలు ఎముక మజ్జలో పుడతాయి. క్రిమిని పట్టుకోవడానికి ఒక్కో కణం ఒక్కో కొక్కెం తయారుచేసుకుంటుంది. దాని నమూనా జన్యువుల్లో వీ, డీ, జే అని మూడు కుప్పలుగా ఉంటుంది. కుప్పకో ముక్క ఏరి, ముందు డీకి జే, తర్వాత వాటికి వీ అతుకుతుంది. మధ్యలో మిగిలింది ర్యాగ్ కోసి పారేస్తుంది.

"ఏ క్రిమి వస్తుందో ముందే తెలుస్తుందా?"

"తెలీదండీ. ఒళ్లు కోట్ల రకాలు కుట్టి ఉంచుతుంది. వచ్చినదానికి ఏదో ఒకటి సరిపోతుంది."

"మనిషి రాకుండానే జాకెట్టా! కుట్టు తప్పితే?"

"మూడింట రెండు అతుకులు తప్పుతాయి."

అలాంటి టైలరుతో తనను పోల్చినందుకు మీరావలి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. "స్టేజీ మీద మైకిస్తారంటండీ" అని భార్య అనీసా చెప్పాక ఒప్పుకున్నాడు.

సైన్స్ డే నాడు స్టేజీ మీద కుట్టుమిషను పెట్టారు. మీరావలి డీ, జే ముక్కలు చకచకా కోసి కుట్టాడు. చప్పట్లకు ఒళ్లు మరిచి, వీ గుడ్డ అనుకుని టేబుల్ మీది శాలువా కూడా కోసి వాటికి అతికేశాడు. అది ముఖ్య అతిథి, చేనేత సంఘం పెద్ద భావనారాయణ గారికి కప్పాల్సిన శాలువా.

జయకుమారి అది చూసినా పాఠం ఆపలేదు. "ఇది కొక్కెంలో ఒక సగం, బరువు గొలుసు అంటాం. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ముందు దీనికి తాత్కాలికంగా ఒక తేలిక గొలుసు జత కలుస్తుంది." అటెండరు జోసఫ్ వచ్చి గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు.

"తాత్కాలికమే సార్, పదకొండేళ్ల నుంచి!" అన్నాడు ప్రిన్సిపాల్ వైపు చూస్తూ. హాలు గొల్లుమంది.

పరీక్ష నెగ్గాక ఒక కణం ఇరవై కణాలైనట్టు ఇరవై మంది అమ్మాయిలు స్టేజీ ఎక్కారు. ఆ తోపులాటలో గుడ్డ వెళ్లి, స్టేజీ మీదే కూర్చున్న భావనారాయణ గారి చేతి గడియారానికి చిక్కుకుంది.

"సొంత ఒంటినే పట్టుకునే కొక్కేన్ని కణం మార్చుకోవాలి, లేకపోతే చచ్చిపోవాలి!" అని మైకులో అరిచింది జయకుమారి.

"చంపకండమ్మా," అంటూ ఆయన గుడ్డ విడదీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మా మగ్గం మీద నేసిందే. ఒరేయ్ మీరావలీ, అతుకెక్కడుందిరా, కనపడదే!"

మీరావలి కళ్లు చెమర్చాయి. భావనారాయణ గారు ఆ మూడు రంగుల గుడ్డే కప్పుకుని ఇంటికెళ్లాడు.

తర్వాతి పరీక్షలో, జన్యువు ముక్కలు కోసే ఎంజైము ఏదన్న ప్రశ్నకు క్లాసంతా జవాబు రాసింది. ఎంజైము పేరు మీరావలి అని పదిహేడు మంది రాశారు. జయకుమారి చాలాసేపు ఆలోచించి, ఆ పదిహేడు మందికీ అర మార్కు వేసింది.