గోమెసికి తీసుకోని కొలత

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో మా టైలరింగ్ షాపుకు వచ్చే ఆడవాళ్ళను నా భార్య కొలిచేది. నేను కత్తిరించేవాణ్ణి. మామూలుగా షాపుల్లో టేపు పట్టినవాళ్ళు అంకె గట్టిగా చెబితే ఇంకొకరు రాసుకుంటారు. ఆమె అలా చెయ్యనిచ్చేది కాదు. కొలిచి, తనే చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టేది. మొదట్లో ఒకసారి నేను ఆ చీటీని పైకి చదివాను.

“నడుం యాభై రెండని బజారంతా చాటాల్నా? గట్టిగా చదవబాక. నీ బొజ్జ కొలిచి బోర్డు మీద రాయమంటావా?” అంది.

లావుపాటి ఆడవాళ్ళు వేరే షాపులు దాటుకుని మా దగ్గరికి రావడానికి కారణం అదే. నా కత్తెర పనితనం కాదు.

వాళ్ళలో ఒకామె ఉగాండా మనిషి. స్కూల్లో క్లీనింగ్ పని. కంపెనీ ఇచ్చే యూనిఫాంలో అన్నిటికన్నా పెద్ద సైజు కూడా ఆమెకు పట్టేది కాదు. 2020లో యూనిఫాం కోసం వచ్చినప్పుడు నా భార్య కొలిచి చీటీ రాసింది. ఆ మరుసటి ఏడు నా భార్య కరోనాతో పోయింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నన్ను చూడనివ్వలేదు.

ఇంకో ఏడాదికి ఆ ఉగాండా ఆమె ఊరి నుంచి వచ్చిన బట్ట తెచ్చింది. నీలం మీద పసుపు పూలు. కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు మగపెళ్ళివారు ఇంటికి వచ్చే వేడుక ఒకటి ఉంటుందట. పెళ్ళికూతురి వైపు ఆడవాళ్ళంతా ఒకే బట్టతో కుట్టించిన గోమెసిలు వేసుకుని, వచ్చినవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాలి. గోమెసి అంటే పాదాల దాకా వచ్చే నిండు దుస్తు. భుజాల దగ్గర పొడుచుకొచ్చే చేతులు, ముందు ఒకదాని మీద ఒకటి పడే రెండు పొరలు, పిర్రల మీదుగా కట్టే వెడల్పాటి పట్టీ. చీరకు పట్టినంత బట్ట పడుతుంది. లోపల ఇంకో బట్ట చుట్టుకుంటారు.

“సన్నటివాళ్ళు పిర్రలు లావుగా కనబడాలని చుట్టుకుంటారు మాస్టర్. నాకు దేవుడే చుట్టి పంపించాడు,” అని నవ్వింది. మేము హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

చేతులు పక్కకు చాపి నిలబడింది. నేను టేపు తియ్యలేదు.

“కొలత ఉంది,” అన్నాను.

“అది పాతది. అప్పటికన్నా లావయ్యాను మాస్టర్.”

“ఇది వదులు బట్టే కదా.”

డబ్బాలోంచి చీటీ తీసి చూపించాను. ఆ చేతిరాత ఎవరిదో ఆమెకు తెలుసు. కాసేపు చూసి చేతులు దించేసింది. “సరే మాస్టర్,” అంది. నా మీద జాలితో ఒప్పుకుందని అప్పుడే అర్థమైంది. అయినా టేపు తియ్యలేదు.

దుఃఖం మనిషిని మెత్తబరుస్తుందని చాలా పుస్తకాల్లో చదివాను. నన్ను మొండివాణ్ణి చేసింది. ఆ చీటీకి ఒక్క అంగుళం కలిపినా నా భార్య లెక్క తప్పని నేనే రాసినట్టవుతుందనిపించింది. కలపలేదు. మిగిలిన బట్టంతా చేతులకు, పట్టీకి వాడేశాను.

ఊరికి ప్రయాణానికి రెండు రోజుల ముందు ట్రయల్‌కు వచ్చింది. భుజాలు కాస్త బిగుతుగా ఉన్నాయి. అద్దంలో రెండు వైపులా తిరిగి చూసుకుంది. “మా అమ్మలా ఉన్నాను,” అంది. తర్వాత, ఆ రోజు ఎలా కూర్చోవాలో అలాగే, షాపు గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు పొరలు రెండూ చెరో వైపు జరిగి పట్టీ కింద నుంచి మోకాళ్ళ దాకా విడిపోయాయి. లోపల ఆచారానికి చుట్టుకున్న గళ్ళ బట్ట కనబడింది. ఆమె వంగి చూసుకుంది. పొరలను దగ్గరికి లాగింది. అందలేదు. బల్ల పట్టుకుని లేచింది.

షార్జా షాపుల్లో ఆ బట్ట కోసం తిరిగాను. దొరకలేదు. ఇంకో బట్టతో కొత్తది కుడతానన్నాను.

“వేరే బట్ట వేసుకుంటే పేరంటానికి వచ్చినదాన్ననుకుంటారు మాస్టర్. నేను తల్లిని.”

చివరికి లోపలి పొరకు ఉత్త నీలం గుడ్డ అతికించాను. నిలబడితే కనబడదు. మోకాళ్ళ మీద కూర్చుంటే కనబడుతుంది. ఇద్దరికీ తెలుసు. దాన్నే మడిచి తీసుకెళ్ళింది.

నెల తర్వాత యూనిఫాం కోసం వచ్చింది. వేడుక ఎలా జరిగిందని నేనే అడిగాను.

“బాగా జరిగింది. నా జాగాలో మా చెల్లెలు కూర్చుంది. మోకాళ్ళు నొప్పులని చెప్పి నేను వెనక కుర్చీలో ఉన్నాను. దుబాయ్‌లో పనిచేసి చేసి అరిగిపోయాయని అందరూ నమ్మారు. ఖలాస్, మాస్టర్.”

“మీ అమ్మాయి కూడా నమ్మిందా?”

“అడగలేదు. చూసింది.”

నేను టేపు తీసి ఆమెను కొలిచాను. పాత చీటీకి, కొత్త అంకెకు ఆరు అంగుళాల తేడా ఉంది. యూనిఫాం సరిగ్గా కుదిరింది. ఆమెకు ఒక్కతే కూతురు.