గడ్డి ఎరగని కుందేలు

మా కుందేలు రెండేళ్ళపాటు నల్లగండ్లలోని మా ఫ్లాట్‌లో టైల్స్ మీదే పెరిగింది. ఎండుగడ్డి ప్యాకెట్లలో వచ్చేది. ఒక ఆదివారం పొద్దున దానికి పచ్చగడ్డి రుచి చూపించాలనిపించి, బుట్టలో పెట్టుకుని అపార్ట్‌మెంట్ లాన్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఆగు బిడ్డా! గీడ ఇడవకు. మొన్ననే మందు కొట్టిన్రు," అని మొక్కలకు నీళ్ళు పెడుతున్న పెద్దావిడ కేకేసింది.

బుట్టను గబుక్కున వెనక్కి లాక్కున్నాను. "మరెక్కడ వదలమంటారండీ?" అన్నాను.

ఆమె పైపు పక్కన పడేసి నన్ను పంపు గది వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఎవరూ పట్టించుకోని జాగాలో గరిక ఒత్తుగా పెరిగి ఉంది. కుందేలును దించితే అది అడుగు వేయలేదు. తడి తగిలినప్పుడల్లా కాళ్ళు విదిలించుకుంది.

"గడ్డిని జూసి భయపడే కుందేలును ఇప్పుడే చూస్తున్న!" అని ఆమె పగలబడి నవ్వింది. తర్వాత నేల మీదే చతికిలబడి, ఒక గరిక పోచ దాని మూతి ముందు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

చాలాసేపటికి కుందేలు ఆ పోచను కొరికింది. రెండోది తనే వెతుక్కుంది. ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి, ఒళ్ళు మెలితిప్పి, గది గోడ దాకా పరుగెత్తి మళ్ళీ వచ్చింది. జారిపోతానన్న భయంతో కాబోలు, ఇంట్లో ఎప్పుడూ అలా ఎగరలేదు.

అప్పటినుంచి ఆ జాగాలో ఆమె మందు కొట్టనివ్వడం లేదు. ఏ ఆదివారమైనా మేం దిగకపోతే సెక్యూరిటీ చేత ఇంటర్‌కమ్ చేయిస్తుంది: "నా బిడ్డ ఇంక రాలేదేంది?"