పోయొస్త

ఆవపల్లిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ముసలామె ఒళ్లో చిన్న మూట ఒక్కటే ఉంది. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య గొడవల కాలంలో వాళ్ల ఊరు ఊరంతా అడవి దాటి గోదావరి వైపు పారిపోయిందట. ఇరవై ఏళ్లు భద్రాచలం దగ్గర మిరప చేలల్లో కూలి చేసిందట. ఇప్పుడు గొడవలు ఆగాయి, తిరిగొచ్చినవాళ్లకు సర్కారు భూమి పట్టాలిస్తుందని చెప్పుకుంటున్నారు. అందుకే వచ్చావా అని అడిగాను.

“పట్టాతోటి నాకేం పని బిడ్డా? ఆ దినం మా అత్త నడవలేకపాయె. గడపల కూసోబెట్టి ‘పోయొస్త’ అన్న. గట్లన్నంక రావాలె గద.”

“మీ అత్త ఇంకా ఉందా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “యాడికి పోతది?”

అడవి మధ్య ఒక మలుపులో ఆపమంది. “ఈడ ఊరేంది అవ్వా? కాలిపోయి శానా ఏండ్లాయె,” అన్నాడు కండక్టర్. ఆమె వినకుండా దిగి, చెట్లకేసి “అత్తా, వచ్చిన!” అని కేకేసింది.

ఆ చెట్ల లోపల ఎక్కడో తలుపు గొళ్లెం తీసిన చప్పుడైంది. నేను కండక్టర్ ముఖంలోకి చూశాను. అతను నా వైపు చూడకుండా గబగబా విజిల్ వేశాడు.

అప్పటినుంచి ఇంటినుంచి బయల్దేరేటప్పుడు నేనెవరితోనూ పోయొస్తానని అనడం లేదు.