అక్క అమ్మిపెట్టిన నవల

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఫ్రేముకు తగ్గట్టు అద్దాల అంచులు అరగదీయడం, మరలు బిగించడం, ముక్కు మీంచి జారిపోతోందని వచ్చినవాళ్లకు సరిచేసి ఇవ్వడం ఆమె పని. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటరు వెనక కూర్చుని నవల రాసేది. రాసినదాన్ని ప్రచురణ సంస్థలకు పంపితే కొందరు బదులే ఇవ్వలేదు. ఒకాయన మాత్రం, "మా దగ్గర ఇప్పటికే చాలా పడున్నాయమ్మా" అన్నాడు. దాంతో ఆమెకు పంతం వచ్చింది. ఎవరి గడపా తొక్కకుండా తనే అచ్చు వేయించుకోవాలనుకుంది.

అట్టకు బొమ్మ వేసే అమ్మాయిని బతిమాలింది. పేజీలు పేర్చడం, ప్రూఫులు దిద్దడం నేర్చుకుంది. మొదటి నమూనా ప్రతిలో 'కన్నీరు' కాస్తా 'పన్నీరు' అయి కూర్చుంది. నాయిక చెంపల మీద పన్నీరు ధారలు కట్టింది. ప్రెస్సాయన అది చదివి, "ఉంచేయండి, కొత్తగా ఉంది" అన్నాడు. ఆమె ఉంచలేదు. అచ్చుతప్పు ఒక్కటి కూడా ఉండకూడదని కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది.

ఇంట్లో ఆమె, అక్క, ఇద్దరే. కింది గదిలో అక్క టైలరింగు షాపు. అమ్మానాన్నలు పోయాక మిషను తొక్కి చెల్లెల్ని చదివించింది అక్కే. పెళ్లి మాటెత్తితే, "నాకిప్పుడేం తక్కువైందని" అని కొట్టిపారేసేది. కానీ ఒక వానరోజు మిషను ఆపి చెల్లెలికో మాట చెప్పింది. ఎదురు వరసలో గుండీలు, దారాలు అమ్మే ఆయనంటే తనకు ఎప్పట్నుంచో ఇష్టం. ఆయన భార్య పోయిన మనిషి. దారం ఉన్నా అయిపోయిందని వెళుతుందట. ఆయన మడిచి ఇచ్చే కాగితం పొట్లాలు పారేయబుద్ధి కాక డబ్బాలో దాచుకుంటుందట.

"ఎవరితోనైనా అన్నావంటే చంపేస్తా" అని నవ్వి మళ్లీ మిషను తొక్కింది.

చెల్లెలు ఎవరితోనూ అనలేదు. నవల్లో రాసింది.

మార్చకేం, మార్చింది. అక్కను బేకరీ నడిపే ఆవిడను చేసింది, ఆయన్ను పిండి వ్యాపారిని చేసింది. పిండి ఉన్నా అయిపోయిందని వెళ్లడం, పొట్లాల కాగితాలు దాచుకోవడం మాత్రం అలాగే ఉంచేసింది. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది కూడా. 'అక్క నవలలు చదవదుగా' అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ అధ్యాయమే అన్నిట్లోకీ బాగా కుదిరింది.

పుస్తకాలు పెట్టెల్లో ఇంటికొచ్చాయి. అమ్మడం మాత్రం ఆమెకు చేతకాలేదు. అక్కే పూనుకుంది.

"నీకు నోరు లేదు. నేను అమ్ముతా, చూస్తూండు."

మెడలో టేపు వేసుకుని కొలతలు తీస్తూనే, "మా చెల్లి రాసింది, చదివి చూడండి" అనేది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నవల పట్టుకుని పోయేవాళ్లు. ఒక సాయంత్రం చెల్లెలు పని నుంచి వచ్చేసరికి అక్క ముఖం వెలిగిపోతోంది.

"గుండీలాయనకు ఒకటిచ్చానే! రచయిత్రి సంతకం లేదే అన్నాడు. నేనే చేసిచ్చా."

"నువ్వా?"

"నేనంటే నీ తరఫునే. మీ అక్కనేగా!"

చెల్లెలికి ఆ అధ్యాయం గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పరుగెత్తి ఆ ప్రతి వెనక్కి తెచ్చుకుని ఉండొచ్చు. 'షాపు వదిలి ఆయన మాత్రం ఎక్కడ చదువుతాడు' అనుకుని అన్నం తిని పడుకుంది.

ఆయన చదివాడు. తర్వాత అక్క దారానికి వెళితే లోపలికి తప్పుకుని కోడల్ని పంపాడు. ఇంకోసారి వెళ్లినా అంతే. దారం చేతికిస్తూ కోడలు నవ్వాపుకోలేక, "పిండి కూడా కావాలాండీ?" అంది.

అక్క ఇంటికొచ్చి, "పిండేంటే? నీ పుస్తకంలో ఏమైనా ఉందా?" అని అడిగింది. చెల్లెలు తల వంచుకుంది. అక్క ఒక ప్రతి తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"చదువు. నువ్వు రాసిందేగా."

చదివింది. అక్క ఒక గౌను కుట్లు విప్పుతూ వింది. పొట్లాల దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"చాలు."

అక్క గౌను మడిచి పక్కన పెట్టింది.

"బాగా రాశావు" అంది అక్క. తిట్టినా అంత నొచ్చేది కాదు. "నా చేత్తో నేనే ఇచ్చానే ఆయనకు. సంతకం కూడా చేసి మరీ."

"తప్పయిపోయిందక్కా. పేర్లు మార్చాను కదా అని..."

"పేర్లు మార్చావు సరే. నన్నడిగావా?"

"వద్దంటావని భయమేసింది."

"అననేమో. నీకోసం సరే అనేదాన్నేమో. ఆయనకు మాత్రం ఇవ్వకపోదును."

మర్నాడే చెల్లెలు ప్రెస్సుకు ఫోన్ చేసి ఇక ప్రతులు వేయొద్దంది. నెట్‌లో అమ్మకం తీసేయించింది. తప్పులున్నాయి, మార్చి ఇస్తానని చెప్పి వీధంతా తిరిగి ప్రతులు వెనక్కి అడిగింది. కొందరిచ్చారు. కొందరు అప్పటికే మరొకరికి ఇచ్చేశారు. ఒకావిడ గుమ్మంలోనే నిలబెట్టి, "ఆ పిండి కథ మాత్రం తీయకండి, అదే ప్రాణం పుస్తకానికి" అంది. ఎన్నాళ్లుగానో అలాంటి మాట కోసం ఎదురుచూసిన మనిషి, అది విని తల ఎత్తలేకపోయింది.

పెద్ద సంస్థ వేసి ఉంటే ఎవరో ఒకరు 'ఇది ఎవరి కథ, వాళ్లను అడిగారా' అనేవారేమోనని కొన్నాళ్లు అనుకుంది. తర్వాత ఆ సాకు కూడా తనకే నచ్చలేదు. వాక్యం వాక్యం వెతికి తప్పులు దిద్దింది తనే కదా.

ధైర్యం చేసి గుండీలాయన దగ్గరికి వెళ్లింది. ఆయన గల్లాపెట్టె మీద లేని దుమ్ము తుడుస్తూ, "కోపం కాదమ్మా. మీ అక్కగారు ఎదురుపడితే ఏం మాట్లాడాలో తోచట్లేదు. తెలియనప్పుడు ఎంత హాయిగా మాట్లాడుకునేవాళ్లం!" అన్నాడు.

అది అక్కకు చెప్పింది. "అంతేలే" అంది అక్క. ఇప్పుడు దారం కోసం రెండు వీధులు అవతలికి వెళుతుంది.

చెల్లెలు ఇంకో నవల రాస్తోంది. ఎవరి బతుకులోంచైనా ఒక ముక్క తీసుకుంటే ముందు వాళ్లకు చదివి వినిపిస్తోంది. ఒకరిద్దరు వద్దన్నారు, కొట్టేసింది.

అక్క ఆమెతో మాట్లాడకుండా లేదు. వేళకు తిన్నావా అని అడుగుతుంది, కరెంటు బిల్లు గురించి చెబుతుంది, కొలతలు సరిగ్గా ఇవ్వని వాళ్లను తిట్టుకుంటుంది. మొన్న మెట్లు దిగుతుంటే అక్క మిషను దగ్గర ఒక్కతే ఏదో తలుచుకుని నవ్వుకుంటోంది.

"ఏంటక్కా?" అంది గుమ్మంలో ఆగి.

"ఏం లేదులే" అంది అక్క మెల్లగానే. గుడ్డ సరిచేసుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది.