నేరేడు చెట్టు మలుపు నుంచి

1926 చలికాలం. అప్పట్లో నేను అరకు సంతలో పిప్పలి, చింతపండు కొని, పెరికె ఎద్దుల మీద ఘాటీ దింపి శృంగవరపుకోటలో అమ్మేవాణ్ణి. పెరికె అంటే ఎద్దు వీపుకి అటూ ఇటూ వేలాడే జంట సంచి. రెండు పక్కలా బరువు సమంగా లేకపోతే దిగుడులో ఎద్దు పడిపోతుంది. కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాణ్ణి కాబట్టి బేరం నాకు మాటలకన్నా ముందే వచ్చింది. దేవుడితో కూడా మొక్కు సగానికి తెగ్గొట్టిన ఘనుణ్ణి.

ఆ రోజు అనంతగిరి దాటుతుంటే ఒక ముసలమ్మ మా వెంట పడింది. పేరు మార్తమ్మ. అరకు పక్క కొండవూళ్ళో ఉండే క్రైస్తవురాలు. కొడుకు అస్సాం తేయాకు తోటలకి కూలికి పోయాడు, మళ్ళీ కబురు లేదు. అతను తిరిగి రావాలని, సముద్రపొడ్డున కొండమీదున్న మరియమ్మ గుడికి తన గడప నుంచి కాలినడకన వస్తానని మొక్కుకుంది. దారిలో పులి భయం. అందుకని మా ఎద్దుల గంటలు ఆమెకి తోడు.

"నా ఎద్దులు నీకోసం ఆగవు మామ్మా," అన్నాను.

"ఆగమన్నదెవులు సావుకారూ? అవి మేసినప్పుడు నానందుకుంతాను."

నేరేడు చెట్టు మలుపు దగ్గర ఆమె కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది. కొండజ్వరం. పిలిస్తే పలకదు. మంచు కమ్ముకొస్తోంది. బరువు మోస్తున్న ఎద్దుల్ని దిగుడులో ఎక్కువసేపు నిలబెట్టలేం. నేనూ, ఎద్దులు తోలే సింహాద్రీ కలిసి ఒక ఎద్దు మీది సరుకు మిగతావాటికి సర్ది, గోనెలు పరిచి, ఆమెను పడుకోబెట్టి కట్టాం. పిప్పలి బస్తా కన్నా తేలిక అనుకున్నాను. మనిషిని చూసినా నాకు తూకమే తోస్తుంది.

ఘాటీ కింద సత్రంలో దింపి గంజి పట్టాం. తెల్లవారాక ఆమె కళ్ళు తెరిచింది.

"నానిక్కడికెలాగొచ్చాను?"

"ఎద్దు మీద."

చాలాసేపు తన పాదాలు చూసుకుంది. "నా కాలు ఎక్కడాగిపోనాది?"

"నేరేడు చెట్టు మలుపులో."

"నన్నక్కడికే అట్టుకెల్లి దింపీ. ఆడనుంచి నడుత్తాను."

ఇక నా విద్యంతా బయటికి తీశాను. స్పృహ లేనప్పుడు మోసింది లెక్కలోకి రాదన్నాను. కావాలంటే ఆ దూరం గుడి చుట్టూ తిరిగి పూడ్చుకోమన్నాను. ఆఖరికి, "పోనీ, ఆ ముక్క నీ పేరున నేను నడుస్తాను," అన్నాను.

"నువ్వు నడిత్తే నీ కొడుకొత్తాడు. నా గుంటడెలాగొత్తాడు?"

"మరి పైకి వెళ్ళడానికి ఎద్దెక్కొచ్చా?"

"ఎనక్కెల్లడం మొక్కులో నేదు."

సింహాద్రి పక్కున నవ్వాడు. "ఇంక తగ్గదు బావూ, వదిలీ."

"ఒంట్లో జ్వరం దిగలేదు. దారిలోనే పోతావు," అన్నాను కోపంగా.

"పోతే నడుత్తా పోతాను. నీ ఎద్దు మీద పోతే మరియమ్మకేటి సెప్పను?"

సరుకు దింపించి, సింహాద్రిని తోడిచ్చి, ఖాళీ ఎద్దు మీద ఆమెను పైకి పంపాను.

దీపాల వేళకి తిరిగొచ్చారు. ఎద్దు వీపు ఖాళీగా ఉంది. ఆమె కర్ర పట్టుకుని వెనక నడిచి వస్తోంది. పట్టుకోబోతే సింహాద్రి వద్దని సైగ చేశాడు. దారి పొడుగునా తననీ తాకనివ్వలేదట.

"నన్ను దింపిన సోటిదేనా?" అంది.

"ఇదే మామ్మా."

"అయితే సరిపోనాది." పెరికెకి ఆనుకుని కూర్చుంది. "రేపు నీ ఎద్దుల కన్నా బేగి నడుత్తాను, సూడు."

తెల్లవారి ఎద్దులకి గంటలు కడుతూ పిలిచాను. లేవలేదు. ఎద్దు మోసిన మేరా నడిచి తీర్చింది. గుడికి దారి అంతా అలాగే మిగిలిపోయింది. పాదిరిగారికి కబురంపితే వచ్చి, సత్రం వెనక పాతిపెట్టించి, వెదురు సిలువ ఒకటి నిలబెట్టారు.

ఎదుటి మనిషి ఏది వదులుకుంటాడో పసిగట్టడమే బేరమని మావాళ్ళు నేర్పారు. ఏది వదులుకోడో ముందు చూడాలని ఆమె దగ్గర తెలుసుకున్నాను. అది తెలిశాక నా వ్యాపారం కొంత దెబ్బతింది. ఒకసారి కాదన్నవాళ్ళని రెండోసారి అడగలేకపోతున్నాను.

సంతలో అస్సాం నుంచి తిరిగొచ్చినవాడు ఎవడు కనిపించినా మాత్రం, ధర చెప్పకముందే మీ అమ్మ పేరేమిటని అడుగుతాను. ఇంతవరకూ మార్తమ్మ అన్నవాడు లేడు.